గడ్డకు లాక్‌డౌన్ లేదు

2020 ఆగస్టులో ఐసీఎంఆర్ దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల నివేదికను విడుదల చేసింది. రొమ్ము క్యాన్సర్ పట్టికలో అన్నిటికంటే పైన ఉన్న పేరు హైదరాబాద్. ఏటా లక్ష మంది ఆడవాళ్లలో 48 మందికి కొత్తగా ఈ జబ్బు. మన తర్వాతే చెన్నై 42.2, బెంగళూరు 40.5, ఢిల్లీ 38.6. ఆ వార్త వచ్చే నాటికి కరోనా వల్ల మా ఉప్పల్‌లో మెట్రో రైలు లేదు, సిటీ బస్సు లేదు. ఆస్పత్రి పేరెత్తితేనే జనం హడలిపోతున్నారు. అందరి కళ్లూ సాయంత్రం బులెటిన్‌లో వచ్చే కరోనా అంకెల మీదే. ఈ 48 అన్న అంకెను పట్టించుకునే తీరిక ఎవరికుంది?

నేను ఏఎన్‌ఎంగా చేరి, ఆరోగ్య శాఖలోనే సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఉండేది ఉప్పల్ దగ్గరి నాచారంలో, హెచ్‌ఎంటీ నగర్ పక్కన. ఉద్యోగం అయిపోయినా చుట్టుపక్కల వాళ్లు నన్ను వదల్లేదు. బీపీ చూడమంటారు, రిపోర్టులో ఏముందో చదివి చెప్పమంటారు, చంటిపిల్లకు టీకా ఎప్పుడో అడుగుతారు. లాక్‌డౌన్ రాగానే గుమ్మం దాకా రావడం ఆగి, ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కువ ఫోన్లు జ్వరాల గురించే. వాటి మధ్యలో ఇంకో రకం ఫోన్లు వచ్చేవి. అవి చేసేవాళ్లు బాత్‌రూంలోంచో, మేడ మీదనుంచో, గొంతు బాగా తగ్గించి మాట్లాడేవాళ్లు. అసలు విషయానికి రావడానికి ముందు పిల్లల చదువుల గురించి, బియ్యం గురించి కాసేపు చెప్పేవాళ్లు. ఆ గొంతు వినగానే నాకు అర్థమయ్యేది, ఇది జ్వరం కాదని.

నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ప్యాకింగ్ పని చేసే ఒకామె ఏప్రిల్‌లో అలాగే ఫోన్ చేసింది. వయసు నలభై దాటింది. ఇద్దరు పిల్లలు.

"అమ్మా, తానం చేసేటప్పుడు చేతికి తగిలింది. శనగ గింజంత ఉంది. నొప్పి లేదు, ఏం లేదు. నొప్పి లేదంటే ఏం కానట్టే కదా?"

ఈ ప్రశ్న నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ విన్నాను. నొప్పి పెడితేనే జబ్బు అని మనవాళ్ల గట్టి నమ్మకం. రొమ్ములో పుట్టే క్యాన్సర్ గడ్డ తొలిరోజుల్లో చాలామందికి నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతుంటే భయపడి పరుగెత్తుకొస్తారు. అది సాధారణంగా హార్మోన్ల వల్ల వచ్చేది, నెలసరి కాగానే తగ్గిపోతుంది. నొప్పి లేని గట్టి గడ్డను మాత్రం ఏళ్ల తరబడి జాకెట్టు కింద దాచుకుంటారు. నేను ఆమెకు అదే చెప్పాను. చూపించుకొమ్మన్నాను.

"ఇప్పుడు దవాఖానకు పోతే కరోనా అంటుకుంటదమ్మా. లాక్‌డౌన్ తీసినంక పోత."

నేను విడిచిపెట్టలేదు. ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ చేసింది. అవతలివాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: అత్యవసరం కాని పరీక్షలన్నీ ఆపేశాం, పరిస్థితి కుదుటపడ్డాక రండి. గడ్డ ఉందా, ఎన్నాళ్లయింది, పెరుగుతోందా అని ఎవరూ అడగలేదు. తర్వాత లాక్‌డౌన్ తీశారు. ఈమెకు పోయిన జీతం పూడ్చుకోవాలన్న తొందర. ఆ తర్వాత భర్తకు కరోనా. ఆస్పత్రి గడప తొక్కేసరికి అక్టోబర్ వచ్చింది. అప్పటికి చంకలో కూడా గడ్డ చేతికి అందుతోంది.

అదే ఏప్రిల్‌లో హబ్సిగూడలో ఉండే నా స్నేహితురాలు ఒకరు, రిటైరైన టీచరు, రోజూ ఫోన్ చేసేవారు. రెండేళ్లకోసారి మామోగ్రామ్ చేయించుకునే అలవాటు ఆమెది. ఆ నెలలో చేయించుకోవాలి. సెంటర్ మూసేశారు. ఆమెకు గడ్డ లేదు, మార్పు లేదు, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. అయినా నిద్ర పట్టడం లేదన్నారు. "మేడమ్, మీరు కొన్ని నెలలు ఆగినా ఏమీ కాదు. ఈలోపు ఏ మార్పు కనిపించినా ఆ రోజే నాకు చెప్పండి" అన్నాను. చలికాలంలో చేయించుకున్నారు. అంతా బాగుంది.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఇద్దరే. ఆగగలిగిన మనిషి కంగారు పడింది, ఆగకూడని మనిషి ఆగింది. ఏ లక్షణమూ లేనివాళ్లకు క్రమం తప్పకుండా చేసేది స్క్రీనింగ్. మహమ్మారి ముదిరిన రోజుల్లో దాన్ని కొన్ని వారాలో, కొన్ని నెలలో జరపవచ్చు. చేతికి గడ్డ తగిలిన మనిషికి చేసేది స్క్రీనింగ్ కాదు, అది రోగ నిర్ధారణ. దాన్ని జరపకూడదు. 2020లో ఈ రెండింటినీ కలిపి ఒకే తాళం వేశాం. జనానికి తేడా తెలియదు. ఫోన్ ఎత్తినవాళ్లు అడగలేదు.

ఇది నాచారంలో ఒకరిద్దరి కథ అయితే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. దేశంలోని 41 క్యాన్సర్ ఆస్పత్రుల లెక్కలు తీసి 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ప్రచురించారు. 2019 మార్చి నుంచి మే వరకు ఆ ఆస్పత్రుల్లో కొత్తగా నమోదైన రోగులు 1,12,270 మంది. మరుసటి ఏడాది అవే మూడు నెలల్లో 51,760 మంది. సగానికి సగం కంటే ఎక్కువే తగ్గిపోయారు. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. స్క్రీనింగ్ అయితే నూటికి 70కి పైగా ఆస్పత్రుల్లో పూర్తిగా ఆగిపోయింది, లేదా పావు వంతు కూడా నడవలేదు. క్యాన్సర్ ఆ మూడు నెలలు సెలవు తీసుకోలేదు కదా. ఆ అరవై వేల మంది ఎక్కడికి పోయారు? ఇళ్లలో ఉన్నారు. మా ప్యాకింగ్ ఆమెలా గడ్డను చీర చాటున పెట్టుకుని, రోజులు బాగుపడాలని కనిపెట్టుకుని ఉన్నారు.

ఉప్పల్ నుంచి క్యాన్సర్ ఆస్పత్రికి పోవడం మామూలు రోజుల్లోనే ఒక ప్రయాణం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి 1955 నుంచి పేదవాళ్లకు పెద్ద దిక్కు. ఇప్పుడైతే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగవచ్చు. 2020 మార్చి 22న ఆగిన మెట్రో సెప్టెంబర్ దాకా తిరగలేదు. సిటీ బస్సులు రోడ్డెక్కింది సెప్టెంబర్ 25న. ఈ ఆరు నెలలు రామంతాపూర్, మల్లాపూర్, బోడుప్పల్ వైపు ఉండే ఆడమనిషి రెడ్‌హిల్స్ పోవాలంటే ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి. పని లేదు, జీతం లేదు. నొప్పి పెట్టని గడ్డ కోసం ఆ డబ్బు తీసే ఇల్లాలు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. భయం ఒక్కటే వాళ్లను ఆపిందనడం అన్యాయం. భయంతో పాటు ఆటో కిరాయీ ఆపింది.

ఆలస్యం అయితే ఏమవుతుందో సూటిగా చెబుతాను. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే చనిపోయే ముప్పు 8 శాతం పెరుగుతుందని 2020 నవంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. ఒక నెల వాయిదా వేస్తేనే ఇంత. ఆ నెలలు పేరుకుంటూ పోతే ముప్పూ పేరుకుంటుంది. మన దేశపు రిజిస్ట్రీల నుంచి వచ్చిన మరో లెక్క ఉంది. క్యాన్సర్ రొమ్ములోనే ఉండగా కనిపెడితే అయిదేళ్ల తర్వాత బతికి ఉండేది నూటికి 81 మంది. చంక గ్రంథుల దాకా పాకితే 65 మంది. ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో చేరిపోతే 18 మంది. జబ్బు ఒకటే, చికిత్స చేసే డాక్టర్లూ వాళ్లే. మనం ఎప్పుడు వెళ్లామన్న దాన్ని బట్టి 81 ఒక చోట, 18 ఒక చోట.

ప్రాణం సంగతి అలా ఉంచండి, పడే బాధలోనూ తేడా ఉంది. చిన్నగా ఉన్నప్పుడు చాలామందికి గడ్డనూ దాని చుట్టూ కొంత భాగాన్నీ తీసేసి, రొమ్మును మిగల్చవచ్చు. తర్వాత కరెంటు పెడతారు, అంటే రేడియేషన్. ముదిరితే రొమ్ము మొత్తం తీయాలి, చంకలో గ్రంథులు తీయాలి, అంతకు ముందో తర్వాతో నెలల తరబడి కీమో. చంక గ్రంథులు తీసినవాళ్లలో కొందరికి ఆ చెయ్యి జీవితాంతం వాస్తుంది. ప్యాకింగ్ ఆమెకు అన్నీ అయ్యాయి. బతికి ఉంది, మందులు వాడుతోంది. కుడి చెయ్యి బరువు ఎత్తదు. ప్యాకింగ్ పని అంటే బరువులెత్తడమే కాబట్టి ఆ పని పోయింది.

ఇక పరీక్షల సంగతికి వస్తాను. మామోగ్రామ్ అంటే ఏదో పెద్ద సొరంగంలోకి పంపుతారని మా బస్తీలో చాలామంది అనుకుంటారు. అదేం కాదు. అది రొమ్ముకు తీసే ఎక్స్‌రే. చిన్న గది. తలుపు వేస్తారు. లోపల సాధారణంగా ఒక ఆడ టెక్నీషియన్ ఉంటుంది. నడుము పైభాగం బట్టలు తీసి మిషన్ ముందు నిలబడాలి. ఒక రొమ్మును కింది పలక మీద పెట్టి, పైనుంచి ప్లాస్టిక్ పలకతో గట్టిగా అదుముతారు. అప్పుడు నొప్పి ఉంటుంది, ఉందనే చెబుతాను. లేదని చెప్పి పంపితే రెండోసారి ఆ మనిషి రాదు. ఆ నొప్పి కొన్ని క్షణాలే. ఊపిరి బిగబట్టమంటారు, ఫొటో తీస్తారు, పలక వదులుతుంది. ఒక్కో రొమ్ముకు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. మొత్తం నాలుగు. నెలసరి అయిపోయిన వారంలో వెళితే రొమ్ములు అంత సున్నితంగా ఉండవు, నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు పూసుకోకూడదు. పౌడరు రేణువులు ఫొటోలో తెల్లని చుక్కల్లా పడి, క్యాన్సర్ తొలిదశలో కనిపించే సున్నపు చుక్కలనుకునే ప్రమాదం ఉంది. చీర కట్టుకుని వెళ్లడమో, పైదీ కిందదీ వేరుగా ఉండే బట్టలు వేసుకోవడమో మేలు.

నలభై లోపు వాళ్లకు మామోగ్రామ్ అంతగా ఉపయోగపడదు. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. ఫొటో తెల్లగా వస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. వాళ్లకు అల్ట్రాసౌండ్ మొదట చేస్తారు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది పెడితే క్యాన్సర్ పాకుతుందని మా వాడలో చెప్పుకుంటారు. ఆ మాట నిజం కాదు. ఆ సూది పరీక్ష లేకుండా అది క్యాన్సరో కాదో, ఏ రకం క్యాన్సరో, ఏ మందు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇంకో మాట. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో అయితే మరీను. నీటి బుడగలుంటాయి, ప్రమాదం లేని కంతులుంటాయి. ఈ సంగతి తెలిస్తే చూపించుకోవడానికి కొంత ధైర్యం వస్తుంది.

మామోగ్రామ్ మంచిదే. కానీ దేశంలో ఉన్న ఆడవాళ్లందరికీ మామోగ్రామ్ తీయగలమా? మిషన్లు లేవు, చదవగలిగే రేడియాలజిస్టులు చాలరు. బ్రిటన్‌లో ప్రభుత్వమే యాభై నుంచి డెబ్బై ఏళ్ల వరకు ఉన్న ఆడవాళ్లను మూడేళ్లకోసారి ఉత్తరం రాసి పిలుస్తుంది. ఆ పద్ధతి కూడా 2020లో కొన్ని నెలలు ఆగింది. మిషన్ మీదే నిలబడిన ఏర్పాటు మహమ్మారిలో మిషన్ గదితో పాటు మూతపడుతుంది. అందుకే నాకు ముంబై పాఠం చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు 1998లో ముంబై మురికివాడల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లు లక్షా యాభై వేల మందికి పైగా. అందులో సగం మందికి రెండేళ్లకోసారి రొమ్ములను చేత్తో పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు. అంటే మాలాంటివాళ్లు. ఇరవై ఏళ్లు వాళ్లను కనిపెట్టి చూసి 2021లో ఫలితం ప్రకటించారు. పరీక్ష చేసిన వర్గంలో జబ్బు ముందు దశలోనే దొరికింది. యాభై, ఆపై వయసు వాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో మరణాలు తగ్గినట్టు తేలలేదు. అదీ చెప్పాలి. మన దగ్గర కూడా డాక్టర్ రఘురామ్ నడిపే ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు ఇదే నేర్పి, 2 లక్షల మందికి పైగా ఆడవాళ్లకు చేత్తో పరీక్షలు చేయించింది.

కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉన్నది ఈ చేతి పరీక్షే. ముప్పై నుంచి అరవై అయిదేళ్ల వరకు అయిదేళ్లకోసారి చేయాలి. కాగితం మీద బాగుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లను అడిగితే, జన్మలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు దేశం మొత్తం మీద 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. కరోనా మూసేసింది అంటున్నాం గానీ, తెరిచి ఉన్నదే ఇంత.

మరి ఎవరి చేత్తో వాళ్లు చూసుకోవడం? దీని గురించి నిజాయతీగా ఒక మాట చెప్పాలి. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది ఆడవాళ్ల మీద అధ్యయనం జరిగింది. అందులో సగం మందికి స్వయం పరీక్ష నేర్పి, పదేళ్లు చూశారు. నేర్పినవాళ్లలో మరణాలు తగ్గలేదు. అపాయం లేని గడ్డలకు సూది పరీక్షలు మాత్రం పెరిగాయి. అందుకని ఇప్పుడు నెలకోసారి లెక్క ప్రకారం చేసుకు తీరాలని ఎవరూ పట్టుబట్టడం లేదు. నీ ఒళ్లు నీకు తెలిసి ఉండాలి, మార్పు వస్తే గుర్తుపట్టాలి, గుర్తుపట్టగానే వెళ్లాలి, ఇంతే చెబుతున్నారు. నా అభిప్రాయం కూడా అదే. మిషన్ గది మూసి ఉన్న రోజుల్లో మన దగ్గర మిగిలేది ఈ ఎరుకే.

నేను మా మేడ మీద నలుగురైదుగురిని కూర్చోబెట్టి నేర్పేటప్పుడు ఒక పని చేస్తాను. టవల్‌ను నాలుగు మడతలు పెట్టి కింద శనగ గింజ దాస్తాను. కళ్లు మూసుకుని వెతకమంటాను. మొదట అందరూ వేళ్ల కొనలతో పొడుస్తారు, దొరకదు. గిల్లి చూస్తారు, అప్పుడూ దొరకదు. మధ్య మూడు వేళ్లు కలిపి, వేళ్ల మెత్తని భాగంతో చిన్న చిన్న గుండ్రాలు తిప్పమంటాను. ముందు పైపైన, తర్వాత కొంచెం ఒత్తి, ఆ తర్వాత ఇంకా ఒత్తి. గింజ దొరకగానే ముఖం మారుతుంది. "ఇగో, ఉంది!" అంటారు. అదే పద్ధతి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో. పైన మెడ ఎముక దగ్గర నుంచి కింద జాకెట్టు అంచు దాకా, చంక లోపలి నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా. చంకను వదిలేయకూడదు, చాలామంది వదిలేసేది అదే.

తర్వాత అద్దం. చేతులు నడుం మీద పెట్టి ఒకసారి, పైకెత్తి ఒకసారి. చర్మం ఎక్కడైనా లోపలికి గుంట పడిందా, కమలాపండు తొక్కలా చిన్న చిన్న గుంటలు తేలాయా, ఎర్రబడిందా, ఎప్పుడూ బయటికుండే చనుమొన లోపలికి లాక్కుపోయిందా, దానంతటది రక్తం కారుతోందా, మొన మీద మానని పుండు ఉందా. వీటిలో ఏది కనిపించినా గడ్డ తగలకపోయినా సరే, డాక్టరుకు చూపించాలి. తప్పనిసరి అని కాదు గానీ, నెలసరి ఆగినవాళ్లు నెలలో ఒక తేదీ పెట్టుకుంటే మరిచిపోరు. ఇంకా అవుతున్నవాళ్లు నెలసరి అయిపోయిన వారంలో.

2021లో టీకాలు మొదలయ్యాక కొత్త రకం ఫోన్లు వచ్చాయి. "సూది వేసిన చెయ్యి వైపు చంకలో గడ్డ లేచిందమ్మా" అని. టీకాకు ఒళ్లు స్పందించినప్పుడు ఆ వైపు చంక గ్రంథులు ఉబ్బడం మామూలే. కొన్ని వారాల్లో అణిగిపోతుంది. మామోగ్రామ్‌లో ఆ ఉబ్బిన గ్రంథులు కనిపించి అనవసర భయం పుట్టకుండా, లక్షణాలు లేనివాళ్లు టీకాకు ముందే తీయించుకోవాలని, లేదా టీకా అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలని అమెరికా రేడియాలజిస్టులు అప్పట్లో సూచించారు. ఇక్కడ కూడా స్క్రీనింగ్‌కూ రోగ నిర్ధారణకూ ఉన్న తేడానే గుర్తుంచుకోవాలి. రొమ్ములో గడ్డ ఉన్నవాళ్లు టీకా కోసం ఆగక్కర్లేదు. చంక గడ్డ వారాలు గడిచినా తగ్గకపోతే చూపించాల్సిందే.

నివారణ గురించి కూడా అడుగుతారు. పూర్తిగా రాకుండా ఆపే మందు లేదు. ఆడపుట్టుక, పెరిగే వయసు అనే రెండు కారణాలు మన చేతిలో లేవు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఈ జబ్బు ఓ పదేళ్లు ముందే వస్తోంది. వంశపారంపర్యంగా వచ్చేది నూటికి అయిదు నుంచి పది. అంటే "మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్నది భరోసా కాదు. అమ్మకో, అక్కకో చిన్న వయసులో వచ్చి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, పరీక్షలు ముందే మొదలుపెట్టాలి. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. బిడ్డకు పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ముప్పు 4 శాతం పైగా తగ్గుతుందని 30 దేశాల లెక్కలు కలిపి 2002లో తేల్చారు. ముట్లాగిన తర్వాత ఒళ్లు పెరగడం ముప్పు పెంచుతుంది. మద్యం పెంచుతుంది. రోజూ నడక తగ్గిస్తుంది. లాక్‌డౌన్ మన నడకను మింగేసి ఒళ్లు పెంచింది, పెరిగిన ఒళ్లు చాలామందికి ఇంకా తగ్గలేదు. ఉప్పల్ స్టేడియం వైపు పొద్దున్నే నడిచే ఆడవాళ్లను చూస్తే అందుకే నాకు సంతోషం. 

డబ్బు భయం పెద్దది. ఎస్టేట్‌లో పనిచేసే ఈఎస్ఐ కార్డు ఉన్న ఆడవాళ్లకు నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. అక్కడి నుంచి పెద్ద చికిత్సకు పంపడం వాళ్ల హక్కు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. తెలంగాణలో ఆ పథకం కింద చికిత్స ఖర్చు పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆస్పత్రి 2000 నుంచి నడుస్తోంది. నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టిన ఎన్టీఆర్ గారి భార్య క్యాన్సర్‌తో 1985లో పోయారు, ఆమె పేరు మీదే ఆ ఆస్పత్రి. మా వీధిలో పాతవాళ్లు ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద ఇంట్లో ఇల్లాలికే వచ్చిందన్న మాట విన్నాక, చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లు కాస్త నోరు విప్పుతారు. రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న "ఆరోగ్య మహిళ" పేరుతో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించే క్లినిక్‌లు మొదలుపెట్టింది. అందులో రొమ్ము పరీక్ష ఒకటి. మీ బస్తీ దవాఖానాలో అడగండి, దగ్గరి కేంద్రం ఏదో వాళ్లు చెప్పాలి.

చివరగా నేను ఆరోగ్య శాఖను అడగదలుచుకున్నది ఒకటుంది. 2021 మేలో రెండో లాక్‌డౌన్ నడుస్తుండగా మా ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు తెలంగాణలో ఇంటింటికీ తిరిగి జ్వర సర్వే చేశారు. ఎండలో, మాస్కు వేసుకుని, మందుల కిట్లు మోసుకుంటూ ప్రతి గడప ముందూ నిలబడ్డారు. మెట్రో ఆగినా, బస్సు ఆగినా, ఆస్పత్రి గేటు మూసినా ఆడమనిషి ఇంటి దాకా వెళ్లగలిగింది ఆ ఆశా ఒక్కతే. ఆమె చేతిలోని ఫారంలో జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉన్నాయి. దాని కింద ఇంకొక్క వరుస ఉంటే చాలు: ఈ ఇంట్లో ఆడవాళ్లకు ఎవరికైనా రొమ్ములో గడ్డ గానీ, మార్పు గానీ ఉందా? గుమ్మంలో నిలబడి అడగడానికి నిమిషం పట్టదు. ఉందన్న మనిషి పేరు ఆ సాయంత్రమే ఆరోగ్య కేంద్రానికి చేరాలి, ఆమెకు వెళ్లడానికి వాహనం, క్యాన్సర్ ఆస్పత్రిలో ఒక తేదీ దొరకాలి. మామూలు స్క్రీనింగ్ తర్వాత చూసుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో నాచారంలో ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే ప్యాకింగ్ ఆమె తలుపు దగ్గరే చెప్పేసేది.

ఇంకో మహమ్మారి వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఫారం మాత్రం మన చేతిలో ఉంది. తీరిగ్గా ఉన్న ఈ రోజుల్లోనే అందులో ఆ వరుస చేర్చాలని, ఏఎన్‌ఎంలకు, ఆశాలకు చేతి పరీక్షలో శిక్షణ పూర్తి చేయాలని అధికారులను కోరుతున్నాను. ఇది చదువుతున్న అక్కాచెల్లెళ్లకు నా మాట: ఈపాటికే చేతికి ఏదో తగిలి ఉంటే, ఎవరి అనుమతి కోసమూ ఆగకండి. ఈ వారంలోనే చూపించుకోండి.